ఖాళీ చోటుకు వెల: అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఆటగాళ్ల మార్పిడి

వస్తువును ఇచ్చి సొమ్ము పుచ్చుకోవడం వర్తకం. వస్తువును ఇచ్చి, దానిని మోసుకొని పోయినందుకు ఎదుటివానికే మరికొంత ముట్టజెప్పడం ఏ పాటి వర్తకమో సామాన్యునికి బోధపడదు. అమెరికాలోని నేషనల్ బాస్కెట్‌బాల్ అసోసియేషన్‌లో, అనగా ఎన్.బి.ఎ.లో, ఇటువంటి వ్యవహారాలు తరచుగా జరుగుతుంటాయి. 2013 జూలైలో కాలిఫోర్నియా రాష్ట్రానికి చెందిన గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు ఆండ్రిస్ బియెడ్రిన్స్, రిచర్డ్ జెఫర్సన్, బ్రాండన్ రష్ అనే ముగ్గురు ఆటగాళ్లను యూటా జాజ్ అనే జట్టుకు అప్పగించింది. అంతటితో ఆగక, భవిష్యత్తులో రాబోయే కొత్త ఆటగాళ్లను ఎంచుకొనే మొదటి వరుస హక్కులు రెండింటిని కూడా వారితోపాటు ధారపోసింది. ప్రతిఫలంగా చెప్పుకోదగినది ఏమి వచ్చింది? ఆట మాత్రమే తెలిసినవారు "ఏమీ రాలేదు" అంటారు. లెక్క కూడా తెలిసినవారు "ఖాళీ చోటు వచ్చింది" అంటారు. ఆ ఖాళీ చోటు ఎట్టిదో, దానికి అంత వెల ఎందుకో విద్యార్థి మిత్రులకు వివరించడమే మా ఉద్దేశం. మన కళాశాల మైదానంలో బంతిని బుట్టలో వేసే యువకులు ఈ ఆటను క్రీడగానే ఎరుగుదురు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులు కూడా దీనివైపు ఒకసారి చూడవలసి ఉన్నదని మా అభిప్రాయం.

ముందుగా పరిమితి సంగతి చూద్దాం. ఒక జట్టు తన ఆటగాళ్లందరికీ కలిపి ఒక సంవత్సరంలో చెల్లించే జీతాల మొత్తానికి సంఘం ఒక గీత గీస్తుంది. దానినే శాలరీ క్యాప్ అంటారు. క్యాప్ అనగా టోపీ. మన వాడుకలో కుచ్చుటోపీ పెట్టడానికి వేరే అర్థం ఉన్నది కనుక, ఈ వ్యాసంలో 'వేతన పరిమితి' అనే వ్యవహరిస్తాము. అయితే ఆ రెండవ అర్థం కూడా అప్పుడప్పుడు ఇక్కడ పొసగకపోదు.

ఈ పరిమితి కొత్తది కాదు. ఆ సంఘానికి మాతృక అయిన సంస్థ 1946-47లో తన మొట్టమొదటి సీజనులోనే జట్టుకు 55 వేల డాలర్లని ఒక హద్దు పెట్టి, ఏడాది తిరగకుండానే ఎత్తివేసింది. నేడు మనం చూస్తున్న రూపం 1983లో యాజమాన్యాలకు, ఆటగాళ్ల సంఘానికి మధ్య కుదిరిన ఒప్పందం నుండి పుట్టింది. ఆనాడు కొన్ని జట్లు నష్టాలలో కూరుకొని, మూతపడే స్థితికి వచ్చాయి. సంపన్న నగరాల జట్లు మంచి ఆటగాళ్లందరినీ కొనివేస్తే చిన్న నగరాల జట్లు ఆడేది ఎవరితో, చూసేది ఎవరు అనే భయం యాజమాన్యాలను పట్టుకున్నది. ఆటగాళ్లు జీతాలపై హద్దుకు ఒప్పుకున్నారు. అందుకు బదులుగా సంఘపు రాబడిలో నూటికి 53 వంతులు తమకు దక్కేటట్లు మాట పుచ్చుకున్నారు. ఆ ప్రకారం 1984-85లో జట్టుకు 36 లక్షల డాలర్ల పరిమితి అమలులోకి వచ్చింది. రాబడి పెరిగినకొద్దీ పరిమితి కూడా పెరుగుతుంది. 2013-14లో అది 5 కోట్ల 86 లక్షల డాలర్లు, 2025-26లో 15 కోట్ల 46 లక్షల డాలర్లు. కనుక దీనిని కేవలం యజమానుల పిసినారితనంగా చూడడం సరికాదు. ఇది రాబడిని పంచుకొనే ఒక పద్ధతి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. దీనిని గ్రహించకపోతే తక్కిన కథ అంతా అయోమయంగా ఉంటుంది. ఈ గీత రాతిగోడ వంటిది కాదు. దీనిలో తలుపులు ఉన్నాయి. ఒక జట్టు తన వద్దనే కొంతకాలంగా ఆడుతున్న ఆటగానిని తిరిగి కుదుర్చుకోవడానికి పరిమితిని దాటవచ్చు. బోస్టన్ జట్టులోని లారీ బర్డ్ అనే మహా క్రీడాకారుని పేరు మీద ఈ మినహాయింపును 'బర్డ్ హక్కు' అంటారు. ఇంటివానికి ఎంతైనా పెట్టవచ్చు, బయటినుండి కొత్తవానిని పెద్ద జీతానికి తేవాలంటే మాత్రం గీతకు దిగువన చోటు ఉండి తీరాలి. పరిమితిని దాటి ఉన్న జట్టు మరొక జట్టుతో మార్పిడి చేసుకున్నా, ఇచ్చే ఆటగాళ్ల జీతాలు, పుచ్చుకొనే ఆటగాళ్ల జీతాలు దాదాపు తూగవలసిందే. కోటి డాలర్ల ఆటగానిని పంపి రెండు కోట్ల ఆటగానిని తెచ్చుకోవడం అట్టి జట్టుకు కుదరదు.

ఒక ఊహాజనితమైన లెక్క వేసి చూద్దాం. పరిమితి 100 రూపాయలు అనుకోండి. మన జట్టు జీతాల మొత్తం 92. బయట ఒక మేటి ఆటగాని గడువు ముగిసి, అతడు స్వేచ్ఛగా ఉన్నాడు. అతడు 18 అడుగుతున్నాడు. మన వద్ద ఉన్న చోటు 8 మాత్రమే. మరి 10 రూపాయల జీతం మన పుస్తకం నుండి తొలగిపోవాలి. ఆటగానిని జట్టునుండి తీసివేసినంత మాత్రాన అది తొలగదు. ఎన్.బి.ఎ. ఒప్పందాలలో జీతం సాధారణంగా హామీతో కూడినది. మనిషి వెళ్లిపోయినా అతని పద్దు మన పుస్తకంలోనే ఉండిపోతుంది. ఆ పద్దు పోవాలంటే మనిషిని పద్దుతో సహా స్వీకరించే మరొక జట్టు కావాలి. ఆ జట్టు తన జీతగాళ్లను మనకు తిరిగి పంపకూడదు. పంపితే చోటు నిండిపోతుంది. కనుక అప్పటికే చోటు ఉన్న జట్టునే వెతుక్కోవాలి. అట్టివి ఏటా కొద్దిగానే ఉంటాయి. అందువలన అవి బేరమాడుతాయి. "మీ భారం మేము మోస్తాము, మోత కూలి ఏమిటి?" అని అడుగుతాయి.

ఆ మోత కూలియే డ్రాఫ్ట్ హక్కులు. ప్రతి ఏటా కొత్తగా ఈ రంగంలోకి వచ్చే యువకులను జట్లు వంతుల ప్రకారం రెండు వరుసలలో ఎంచుకుంటాయి. ఓడిన జట్లకు ముందు వంతులు దక్కే అవకాశం ఎక్కువ. గెలిచిన జట్లకు చివరి వంతులు. మొదటి వరుస హక్కు విలువైనది, రెండవది అంతగా కాదు. ఈ హక్కులను సంవత్సరాల ముందుగానే ఇతరులకు ఇచ్చివేయవచ్చు. పంట చేతికి రాకముందే దానిని తాకట్టు పెట్టే రైతు సంగతి ఎరిగినవారికి దీనిని విడమర్చి చెప్పనవసరం లేదు.

ఇప్పుడు 2013కు తిరిగి వద్దాం. గోల్డెన్ స్టేట్ జట్టు కోరినది ఆండ్రే ఇగ్వొడాలా అనే ఆటగానిని. అతడు డెన్వర్ జట్టులో గడువు ముగించుకొని స్వేచ్ఛగా ఉన్నాడు. బియెడ్రిన్స్, జెఫర్సన్, రష్ ముగ్గురి జీతాలు కలిపి సుమారు 2 కోట్ల 40 లక్షల డాలర్లు. ఆ జీతాలకు తగిన ఆట వారి నుండి అప్పటికి రావడం లేదు. ముగ్గురి ఒప్పందాలకూ మిగిలినది ఒక్క ఏడాదే. యూటా జట్టు వద్ద చోటు సమృద్ధిగా ఉన్నది. పైగా జీతాలకు పై హద్దు ఉన్నట్లే కింది హద్దు కూడా ఉన్నది. పరిమితిలో నూటికి 90 వంతులైనా ప్రతి జట్టు ఖర్చు చేయాలి. కనుక యూటాకు ఆ సొమ్ము ఎటూ ఖర్చు కావలసినదే. ఒక ఏడాది ఓపిక పడితే ఒప్పందాలు తీరిపోతాయి, హక్కులు మాత్రం మిగులుతాయి. చివరి ఘట్టంలో డెన్వర్‌ను కూడా కలుపుకొని దీనిని మూడు జట్ల ఒప్పందంగా మార్చారు. ఇగ్వొడాలా నాలుగేళ్లకు 4 కోట్ల 80 లక్షల డాలర్ల మీద గోల్డెన్ స్టేట్‌కు చేరాడు.

లాభమెవరిది? 2015లో గోల్డెన్ స్టేట్ ఎన్.బి.ఎ. విజేత అయినది. ఆ తుది పోటీలలో అత్యుత్తమ ఆటగాడు ఇగ్వొడాలాయే. యూటా తాను పొందిన 2014 హక్కుతో 23వ వంతులో రాడ్నీ హుడ్ అనే యువకుని తెచ్చుకున్నది. 2017 హక్కు వంతుకు వచ్చేసరికి మొదటి వరుసలో చిట్టచివరిదైన 30వది అయినది. కారణం, ఆ హక్కు ఇచ్చిన జట్టు అప్పటికి అందరినీ ఓడిస్తున్నది! ఇచ్చిన హక్కు విలువను, ఆ హక్కు ఇచ్చి తెచ్చుకున్న ఆటగాడే తగ్గించివేశాడన్నమాట. ఇంతకంటె చక్కని బేరం ఈ రంగంలో అరుదు.

ఇటువంటివి మరికొన్ని త్వరగా చెప్పి ముందుకు పోదాం. 2010లో మయామీ జట్టు, అంతకు రెండేళ్ల క్రితమే డ్రాఫ్ట్‌లో రెండవ వంతున ఎంచుకున్న మైకేల్ బీస్లీని రెండవ వరుస హక్కులకు మిన్నెసోటాకు ఇచ్చివేసింది. ఆ చోటులోనే డ్వెయిన్ వేడ్ సరసన లెబ్రాన్ జేమ్స్, క్రిస్ బాష్‌లు వచ్చి కూర్చున్నారు. 2014లో అదే లెబ్రాన్ సొంత రాష్ట్రంలోని క్లీవ్‌లాండ్‌కు తిరిగి రావడానికి ఆ జట్టు జారెట్ జాక్, టైలర్ జెల్లర్, సెర్గీ కరాసెవ్‌లను బ్రూక్లిన్, బోస్టన్ జట్లకు పంచిపెట్టి, బోస్టన్‌కు ఒక మొదటి వరుస హక్కును కూలిగా ఇచ్చింది. 2016లో టెలివిజన్ ప్రసార హక్కుల కొత్త ఒప్పందం వలన పరిమితి ఒక్కసారిగా 7 కోట్ల నుండి 9 కోట్ల 41 లక్షల డాలర్లకు ఎగబాకింది. ఆ వరదలో అంతకు ముందు సీజనులో 73 ఆటలు గెలిచిన గోల్డెన్ స్టేట్, ఆండ్రూ బోగట్‌ను డల్లాస్‌కు పంపి, కెవిన్ డ్యూరాంట్ వంటి దిగ్గజాన్ని తెచ్చుకొన్నది. చిన్నవారిని కాపాడడానికి పుట్టిన పరిమితి, ఆ ఏడు అందరికంటె బలవంతునికే తోడ్పడిన వైచిత్రిని అర్థశాస్త్ర విద్యార్థులు గమనింతురు గాక.

అయితే ఖాళీ చోటు దానంతట అది ఒక ఆటగాడు కాదు. చోటు ఉన్నంత మాత్రాన మేటి ఆటగాడు వచ్చి వాలడు. దీనికి శాక్రమెంటో కింగ్స్ ఉదంతమే సాక్ష్యం. ఆ జట్టులో అధిక భాగం యాజమాన్యాన్ని 2013లో చేపట్టిన వివేక్ రణదివే మన దేశంలో, బొంబాయిలో పుట్టినవారు. ఎన్.బి.ఎ. జట్టుకు అధిక భాగస్వామి అయిన తొలి భారత సంతతి యజమాని ఆయనే. 2015 జూలైలో ఆ జట్టు నిక్ స్టాస్కస్, కార్ల్ లాండ్రీ, జేసన్ థాంప్సన్ అనే ముగ్గురిని, వారితోపాటు రాబోయే ఒక మొదటి వరుస హక్కును ఫిలడెల్ఫియాకు ఇచ్చింది. మరి రెండు సంవత్సరాలలో వంతులు తారుమారు చేసుకొనే హక్కును కూడా కలిపి ఇచ్చింది. ఈ స్టాస్కస్ అంతకు ఏడాది క్రితమే ఎనిమిదవ వంతున ఎంచుకున్న యువకుడు. బదులుగా వచ్చినవి ఇద్దరు యూరపు ఆటగాళ్లపై హక్కులు మాత్రమే. అలా దొరికిన చోటులో రాజన్ రాండో, మార్కో బెలినెల్లి, కోస్టా కూఫోస్‌లు వచ్చారు. రాండో ఒక్క సీజను ఆడి వెళ్లిపోయాడు. 2017లో శాక్రమెంటోకు చీటీలలో మూడవ వంతు దక్కగా, ఫిలడెల్ఫియా తన అయిదవ వంతును దానితో మార్చుకొన్నది. ఆ మూడవ వంతు చేతులు మారి బోస్టన్‌కు చేరింది. బోస్టన్ దానితో జేసన్ టేటమ్‌ను ఎంచుకొన్నది. 2024లో బోస్టన్ విజేతగా నిలిచినప్పుడు ఆ జట్టుకు మూలస్తంభం అతడే. శాక్రమెంటో అయిదవ వంతులో డీయారన్ ఫాక్స్ అనే మంచి ఆటగానిని పొందిన మాట నిజమే. అయినా గోల్డెన్ స్టేట్ 2013లో ఏ ఆటగానికోసం చోటు చేస్తున్నదో ముందే ఎరుగును. శాక్రమెంటో ముందు చోటు కొని, తరువాత అందులో ఎవరిని కూర్చోబెట్టాలా అని వెతికింది. రెండింటికీ గల తేడా ఇదేనని మేము తలుస్తాము.

దీనికి ఎదురుగా మెంఫిస్ జట్టు కథ ఉన్నది. 2008 ఫిబ్రవరిలో ఆ జట్టు తన అత్యుత్తమ ఆటగాడైన పావ్ గసోల్‌ను లాస్ ఏంజిలిస్ లేకర్స్‌కు ఇచ్చింది. పుచ్చుకున్నది క్వామీ బ్రౌన్ అనే ఆటగాని త్వరలో ముగిసే ఒప్పందాన్ని, ఒక కొత్త కుర్రవానిని, రెండు మొదటి వరుస హక్కులను, గసోల్ తమ్ముడైన మార్క్‌పై హక్కును. జీతాల తూకం సరిపోవడానికి ఆ సీజనులో అసలు ఆడనే ఆడని ఏరన్ మెకీతో ఒక ఒప్పందం వ్రాయించి, అతనిని కూడా బస్తాలో చేర్చారు. త్రాసులో వేసే పడికట్టు రాయి అన్నమాట. ఈ బేరాన్ని చూసి నాడు దేశమంతా నవ్వింది. లేకర్స్ 2009లోను, 2010లోను విజేతలయ్యారు కూడా. కాని రెండవ వరుసలో 48వ వంతున ఎంపికై, ఎవరి లెక్కలోను లేని ఆ తమ్ముడు మార్క్ 2013లో సంఘపు ఉత్తమ రక్షకుడుగా ఎన్నికయ్యాడు. అందుచేత ఈ బేరాలను జరిగిన మరునాడే తీర్పు చెప్పే పత్రికల మాటను మేము అంతగా లెక్కచేయము.

ఇంతవరకు జట్ల లాభనష్టాలే చూశాము. పద్దుగా మారిన మనిషి సంగతి ఏమిటి? డి'యాంజెలో రసెల్‌ను లేకర్స్ 2015లో రెండవ వంతున ఎంచుకొన్నది. 2016లో ఆ జట్టు తిమొఫె మొజ్‌గోవ్‌కు నాలుగేళ్లకు 6 కోట్ల 40 లక్షల డాలర్లు ఇస్తానని వ్రాసి ఇచ్చింది. ఏడాదిలోనే అది మోయరాని భారమైనది. 2017లో ఆ భారాన్ని బ్రూక్లిన్ నెత్తికి ఎత్తడానికి ఇరవై ఒక్కేళ్ల రసెల్‌నే మోత కూలిగా ఇచ్చారు. తప్పు ఒప్పందం వ్రాసినది యాజమాన్యం, ఊరు వదిలినది కుర్రవాడు. 2018 జూలైలో లెబ్రాన్ జేమ్స్ లేకర్స్‌కు చేరాడు కనుక ఆ లెక్క ఫలించిందనే అనాలి. రసెల్ కూడా బ్రూక్లిన్‌లో రాణించి 2019లో ఆల్‌స్టార్ అయ్యాడు. ఆ వేసవిలోనే డ్యూరాంట్ బ్రూక్లిన్‌కు వెళ్లిపోగా, ఆ మార్పిడిలో రసెల్‌ను గోల్డెన్ స్టేట్‌కు పంపారు. రసెల్‌కు చోటు కావాలి. ఆ చోటు కోసం గోల్డెన్ స్టేట్ ఎవరిని పంపిందో తెలుసునా? 2013లో ఎవరికోసమైతే ముగ్గురిని పంపిందో, ఆ ఇగ్వొడాలానే! అతనితోపాటు ఒక మొదటి వరుస హక్కును కూడా జోడించి మెంఫిస్‌కు పంపింది. మూడు పర్యాయాలు విజేత జట్టులో నిలిచినవాడు, ఆ రోజున 1 కోటి 72 లక్షల డాలర్ల పద్దు మాత్రమే. అతడు మెంఫిస్ తరఫున ఒక్క ఆట కూడా ఆడలేదు.

కోట్లు తీసుకొనేవారికి సానుభూతి ఎందుకని కొందరు అడుగుతారు. ప్రశ్న సమంజసమే. జీతం పైసా తగ్గదు, ఊరు మాత్రమే మారుతుంది. కాని బిడ్డల బడి, భార్య ఉద్యోగం, తల్లిదండ్రుల వైద్యం ఒక సాయంకాలపు టెలిఫోను పలుకుతో మారిపోవడం ఎట్టిదో మన ప్రభుత్వోద్యోగులను అడిగితే చెప్పగలరు. తన అనుమతి లేనిదే మార్పిడి చేయరాదనే షరతు వ్రాయించుకొనే అర్హత, సంఘంలో ఎనిమిదేళ్లు, అందులో ఆ జట్టులో నాలుగేళ్లు ఆడినవారికే ఉన్నది. వారిలోనూ దానిని పొందినవారు వ్రేళ్లమీద లెక్కింపదగినవారే. అసలు గడువు తీరిన పిమ్మట నచ్చిన జట్టుకు పోయే స్వేచ్ఛ అయినా ఊరక వచ్చినది కాదు. ఆస్కార్ రాబర్ట్‌సన్ అనే మహా క్రీడాకారుడు ఆటగాళ్ల సంఘ అధ్యక్షుడుగా 1970లో వేసిన దావా 1976లో రాజీ అయిన తరువాతనే ఆ దారి తెరుచుకొన్నది. గడువు లోపల మాత్రం ఆటగాడు నేటికీ యాజమాన్యం చేతిలోని వాడే. ఇగ్వొడాలా ఆ తరువాత గోల్డెన్ స్టేట్‌కు తిరిగి వచ్చి, 2022లో మరొకసారి విజేత అయి, ఆట విరమించాడు. 2023 నవంబరులో అదే ఆటగాళ్ల సంఘానికి తాత్కాలిక కార్యనిర్వాహక సంచాలకుడు అయ్యాడు. పద్దుగా ఉన్నవాడు పద్దుల పుస్తకం ముందు కూర్చున్నాడు.

2023 ఒప్పందం ఈ ఆటను మరింత బిగించింది. పరిమితికి పైన విలాసపు పన్ను, దానిపైన మరి రెండు గీతలు ఉన్నాయి. చిట్టచివరి గీత 2025-26లో 20 కోట్ల 78 లక్షల డాలర్లు. దానిని దాటిన జట్టు ఇద్దరు ముగ్గురి జీతాలను కలిపి ఒక పెద్ద ఆటగానికి మార్చుకోరాదు. 2024 విజేత బోస్టన్ ఈ గీత దిగువకు రావడానికి 2025 వేసవిలో జ్రూ హాలిడేను పోర్ట్‌లాండ్‌కు, క్రిస్టాప్స్ పోర్జింగిస్‌ను అట్లాంటాకు పంపింది. గెలిచిన జట్టును గెలిచినందుకే విడదీయవలసి రావడం న్యాయమా అంటే, మిగిలిన 29 జట్లు న్యాయమే అంటాయి.

మన దేశంలోనూ ఈ గాలి వీచింది. ఐ.పి.ఎల్. క్రికెట్‌లో ప్రతి జట్టుకు వేలంలో ఖర్చు పెట్టే సొమ్ముకు హద్దు ఉన్నది. 2023 నవంబరులో ముంబయి జట్టు హార్దిక్ పాండ్యాను తెచ్చుకోవడానికి 17 కోట్ల 50 లక్షల రూపాయల కామెరాన్ గ్రీన్‌ను బెంగుళూరుకు ఇచ్చివేసింది. వేలం ముందు సంచిలో చోటు చేసుకొనే ఉపాయం అది. 2025 నవంబరులో హైదరాబాదు సన్‌రైజర్స్ మహమ్మద్ షమీని 10 కోట్ల రూపాయలకు లక్నో జట్టుకు ఇచ్చినప్పుడు, ఆ పది కోట్లు మన జట్టు సంచికి తిరిగి వచ్చాయి. హిసాబు ఒక్కటే. పద్ధతిలో ఒక భేదం మాత్రం ఉన్నది. ఐ.పి.ఎల్.లో మార్పిడికి ఆటగాని సమ్మతి కావాలి. ఎన్.బి.ఎ.లో కొద్దిమందిని తప్ప సాధారణంగా ఎవరినీ అడగరు.